టరాంటులాల ఉపన్యాసాలకు వెళ్లేవారికి కొన్ని సూచనలు

శని, ఆదివారాల్లో టరాంటులాల మీద, అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్ల మీద, జరిగే ఉపన్యాసాలు వినడానికి హైదరాబాదుకు వస్తున్నవారు ముందుగా శాస్త్రీయ నామాలను చెవికి అలవాటు చేసుకోవాలి. పోసిలోథీరియా, కైలోబ్రాకిస్, హాప్లోక్లాస్టస్ వంటి పేర్లు వక్త నోట వరసగా దొర్లుతుంటే, మొదటిసారి వినేవారికి అసలు విషయం చేజారిపోతుంది. మన ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత వచ్చినట్లే ఇక్కడ ప్రజాతి (దగ్గరి సంబంధమున్న జాతుల గుంపు) ముందు, జాతి తర్వాత వస్తాయని గుర్తుపెట్టుకుంటే సగం కష్టం తీరుతుంది. మన దేశంలోని ప్రజాతుల పేర్లు ఒక కాగితం మీద రాసుకొని, నాలుగుసార్లు పైకి చదువుకొని వెళ్లండి.

తెలుగువారు తప్పక తెలుసుకొని వెళ్లవలసిన జాతి పోసిలోథీరియా మెటాలికా. అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప నిల్వచేసే చోట దొరికిన సాలీడు ఆధారంగా పోకాక్ అనే శాస్త్రవేత్త 1899లో దానిని వర్ణించారు. ఆ తర్వాత ఒక శతాబ్దం పాటు కనబడని ఆ నీలి సాలీడు 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. గుత్తికి అది కలపతోపాటు రైల్లో వచ్చి ఉంటుందని భావిస్తున్నారు. దాని ఆవాసం వంద చదరపు కిలోమీటర్లకు మించదని, అది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి అని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2008లో ప్రకటించింది. అడవి నరికివేతతోపాటు పెంపకందారుల కోసం పట్టుకెళ్లడం కూడా దానికి ముప్పుగా మారింది. అందుకే సభలో ఎవరినీ “సరిగ్గా ఏ చెట్టు దగ్గర చూశారు?” అని అడగకూడదు. మీరు చూసిన చోటును కూడా జిల్లా వరకే చెప్పి ఆపేయాలి. ఈ ఒక్క మర్యాదను పాటించనివారు ఎంత చదువుకున్నా ఈ జీవులకు మేలు చేయలేరని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రాణమున్న సాలీడును వెంట తీసుకెళ్లవద్దు. టరాంటులా కొద్ది ఎత్తు నుంచి పడినా పొట్ట పగిలి చనిపోవచ్చు. ఎండలో నిలిపిన కారులో డబ్బా ఉంచితే అదీ ప్రాణాంతకమే. దానికి బదులు ఫొటోలు తీసుకెళ్లండి: పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, బొరియ లేదా చెట్టు తొర్ర ఒకటి, పక్కన స్కేలు, తీసిన తేదీ. వానాకాలంలో మగవి ఆడవాటిని వెతుక్కుంటూ బయటికి వస్తాయి కనుక నెల తెలిస్తే నిపుణులకు ఎంతో ఉపయోగం.

అన్నిటికన్నా విలువైనది కుబుసాన్ని, అంటే సాలీడు విడిచిన పాత చర్మాన్ని, పరీక్షించి చూపే భాగం. అది కార్యక్రమంలో ఉంటే ముందు వరసలో కూర్చోండి. ఎండి ముడుచుకున్న కుబుసాన్ని గోరువెచ్చని నీటిలో ఒక చుక్క సబ్బు కలిపి నానబెట్టి, పొట్ట భాగాన్ని సన్నని కుంచెతో మెల్లగా విప్పి పరుస్తారు. అప్పుడు పుస్తకం పేజీల వంటి పొరలున్న ఊపిరితిత్తుల గుర్తులు నాలుగు తెల్లగా తేలుతాయి. ముందరి రెండింటి మధ్య స్పెర్మథీకా అనే సంచి వంటి భాగం ఉంటే అది ఆడది. దీన్ని మీ కంటితో ఒకసారి చూశారంటే, సాలీడును చేత్తో ముట్టకుండానే అది ఆడదో మగదో తేల్చడం సాధ్యమవుతుంది. ఆడవి కొన్ని జాతుల్లో 20 ఏళ్లకు మించి బతుకుతాయి, మగవి చివరి కుబుసం విడిచాక ఎక్కువ కాలం ఉండవు కాబట్టి ఈ తేడా చాలా ముఖ్యం. అమెరికా ఖండాల జాతుల్లో చాలావాటి పొట్ట మీద దురద పుట్టించే వెంట్రుకలు ఉంటాయి. అవి కుబుసంలోనూ మిగులుతాయి. అందుచేత దానిని తాకాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా కళ్లు నులుముకోకండి, టీ విరామంలో ఉస్మానియా బిస్కెట్టు అందుకోకండి. మన దేశపు జాతులకు ఆ వెంట్రుకలు ఉండవు గానీ, పోసిలోథీరియా కరిస్తే రోజుల తరబడి కండరాలు పట్టేయవచ్చు. నిర్వాహకులు అనుమతించినా చేతి మీద ఎక్కించుకోవద్దనే నా సలహా.

పెంచుకోవాలన్న కోరికతో వెళ్లేవారు చట్టం గురించి వక్తను నేరుగా అడగాలి. పోసిలోథీరియా ప్రజాతి 2019 నుంచి, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది కనుక దాని అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతులు కావాలి. రక్షిత అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా ఏ జీవినీ పట్టకూడదు. బల్లల మీద అమ్మకానికి పెట్టిన సాలీడు పిల్లలు ఎక్కడివో పత్రాలతో చూపలేనివారి దగ్గర, ధర ఎంత తక్కువైనా, కొనకండి.

ప్రశ్నల సమయంలో ఒక్క ప్రశ్నే, మీరు స్వయంగా గమనించినదానిపైనే అడగండి. శనివారం విన్నవాటిని ఆ రాత్రే తేటగా తిరగరాసుకుంటే అర్థం కానివి బయటపడతాయి, వాటిని ఆదివారం ఉదయం సభ మొదలవకముందే వక్తను కలిసి అడగవచ్చు. నిర్ధారణ కావలసిన ఫొటోలుంటే, ఎవరికి పంపాలో, అత్తాపూర్‌లోని భారత జంతు సర్వేక్షణ సంస్థ కేంద్రాన్ని సంప్రదించవచ్చో లేదో అప్పుడే కనుక్కోండి.