తుపాను హెచ్చరిక ఊరికి చాటే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ వద్ద దివ్యాంగుల వివరాలు ఉండాలి కనుక, తుపానుల కాలం మొదలవకముందే ఆ జాబితాను ఇంటింటికీ వెళ్లి సరిచూసుకోవాలి.

మైకు ప్రచారం వినికిడి లేనివారికి చేరదు. వారి ఫోన్లకు పొట్టి వాక్యాలతో సందేశం పంపడమే కాక, కరెంటు పోయిన రాత్రి ఇంటికి వెళ్లి, టార్చి వెలుగు తన ముఖంపైనే పడేలా పట్టుకుని, పెదవుల కదలిక కనిపించేట్లు నెమ్మదిగా చెప్పగల మనిషిని ముందే నియమించాలి. వెలుగును ఎదుటివారి కళ్లలోకి కొట్టడం తరచూ జరిగే పొరపాటు.

హెచ్చరికను బొమ్మగా మాత్రమే పంపితే చూపులేనివారి ఫోను దాన్ని సరిగా చదివి వినిపించకపోవచ్చు కాబట్టి, అదే విషయాన్ని అక్షరాల్లోనూ పంపాలి.

చక్రాల కుర్చీ వాడేవారికి వాహనం ఎన్ని గంటలకు వస్తుందో కూడా చెప్పాలి.