బుగ్గ పట్టాలి, నుదురు నొక్కకూడదు: హెల్మెట్ ఎంపిక, హెడ్‌సెట్ బిగింపు

హెల్మెట్ దుకాణంలో చాలామంది ముందు రంగు చూస్తారు, తర్వాత బొమ్మలు చూస్తారు. చివర్లో ఒకసారి తలకు పెట్టుకుని "మెత్తగా ఉంది, ఇదే ఇవ్వండి" అంటారు. అంత సులువుగా తలకు దిగిపోయే హెల్మెట్ కొన్నాళ్లకే వదులవుతుంది. ఎనభై దాటిన వేగంలో గాలికి పైకి లేస్తుంది. అద్దంలో చూసుకోవడానికి తల తిప్పితే మన వెనకాలే తీరిగ్గా తిరుగుతుంది. నన్ను అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: కొత్త హెల్మెట్ బుగ్గల దగ్గర కాస్త ఇబ్బంది పెట్టాలి, నుదుటి దగ్గర అస్సలు పెట్టకూడదు.

కారణం లోపలి తయారీలో ఉంది. బుగ్గల దగ్గర ఉండేవి స్పాంజి మెత్తలు. వాడే కొద్దీ అణిగి ముఖానికి సర్దుకుంటాయి. నుదుటి దగ్గర మాత్రం పల్చటి గుడ్డ, కొద్దిపాటి స్పాంజి తప్ప వెనకంతా ఇ.పి.ఎస్., అంటే మనం థర్మకోల్ అని పిలిచేదే, కాకపోతే మరింత గట్టిది. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగిపోయి తలను కాపాడటం దాని పని. మన నుదుటి కోసం అది వంగదు. అందుకే అమ్మే కుర్రాడు "వాడుతుంటే సర్దుకుంటుంది మేడమ్" అన్నప్పుడు, ఎక్కడ నొక్కుతోందో చూసుకుని ఆ మాట నమ్మాలో వద్దో తేల్చుకోండి.

కొలత ఇంట్లోనే తీసుకుని వెళ్లండి. బట్టలు కుట్టేవాళ్ల టేపును కనుబొమలకు రెండు సెంటీమీటర్లు పైన ఆనించి, చెవుల మీదుగా వెనక్కి తిప్పి, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోట చుట్టండి. రెండు మూడు సార్లు కొలిచి పెద్ద అంకె తీసుకోండి. సాధారణంగా 57, 58 వస్తే ఎమ్, 59, 60 వస్తే ఎల్ అంటారు. కానీ కంపెనీని బట్టి ఇది మారుతుంది కాబట్టి ఆ హెల్మెట్‌కు ఇచ్చిన పట్టికే చూడాలి.

కొలత కుదిరినా తల ఆకారం కుదరకపోవచ్చు. జుట్టు అణిచి, పైనుంచి ఎవరిచేతనైనా ఒక ఫొటో తీయించుకుంటే మీ తల ముందుకూ వెనక్కూ పొడవుగా ఉందో, గుండ్రంగా ఉందో తెలిసిపోతుంది. పొడవు తలవాళ్లకు నుదుటి మీద నొక్కి, పక్కల ఖాళీ మిగులుతుంది. గుండ్రటి తలవాళ్లకు కణతల దగ్గర పట్టేస్తుంది. అప్పుడు పెద్ద సైజు తీసుకోవడం మందు కాదు, వేరే మోడల్ చూడటమే మందు.

దుకాణంలో కనీసం ఇరవై నిమిషాలు తలమీద ఉంచుకోండి. మొహమాటపడకండి, ధర పలికేది వేలల్లో. నేనైతే సికింద్రాబాద్ రాణీగంజ్‌లో హెల్మెట్ పెట్టుకునే మిగతా బేరాలన్నీ చేస్తాను. తీయగానే అద్దంలో నుదురు చూసుకోండి. ఒకే చోట రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ పడితే ఆ హెల్మెట్ మీది కాదు. తర్వాత పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు లాగమనండి. ఊడి వచ్చేలా ఉంటే వదిలేయండి. పక్కలకు ఊపినప్పుడు హెల్మెట్‌తోపాటు బుగ్గల చర్మం కూడా కదలాలి. చర్మం నిలిచి హెల్మెట్ ఒక్కటే జారితే అది పెద్దది.

ఆడవాళ్లం మరో రెండు సంగతులు చూసుకోవాలి. ముడి వేసుకుని హెల్మెట్ పెడితే అది ముందుకు తోసుకువచ్చి కళ్లమీద పడుతుంది. మెడ దగ్గర కిందికి వేసిన వదులు జడే దారి. క్లిప్పులు, పిన్నులు తీసేయాలి. కొనేటప్పుడు కూడా అదే జడతో వెళ్లాలి. బుట్టకమ్మలు బండి మీద వద్దు, చిన్న దిద్దులు చాలు. ఎందుకన్నది కింద హెడ్‌సెట్ స్పీకర్ల సంగతి వచ్చినప్పుడు తెలుస్తుంది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు హెల్మెట్ పెట్టుకున్నాక అద్దాలు దూర్చి చూడాలి. కొన్నింటిలో వాటి కాడల కోసమే మెత్తల్లో సందు వదులుతారు.

ముద్ర సంగతి టూకీగా. 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి, ప్రమాణం ఐ.ఎస్. 4151. పేవ్‌మెంట్ మీద అమ్మేవాటికీ ఆ స్టిక్కర్ ఉంటుంది కాబట్టి స్టిక్కర్‌ను కాదు, దానిమీది సి.ఎమ్./ఎల్. నంబరును, అంటే తయారీదారు లైసెన్సు నంబరును నమ్మండి. ఆ ముద్ర ఇచ్చే సంస్థ బి.ఐ.ఎస్. వాళ్ల బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిదో చెబుతుంది. హెల్మెట్ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, పైగా మూడు నెలలు డ్రైవింగ్ లైసెన్సు పోతుంది.

ఇక హెడ్‌సెట్, అంటే బండి మీద మాట్లాడుకోవడానికి హెల్మెట్‌కు బిగించే యంత్రం, దాని స్పీకర్లు, మైకు. నేను నడుపుతాను, మావారు వెనక కూర్చుంటారు. ఇద్దరికే అయితే మామూలు బ్లూటూత్ ఇంటర్‌కమ్ చాలు, గుంపులోని యంత్రాలన్నీ ఒకదానితో ఒకటి కలిసే మెష్ రకానికి డబ్బు పోయనవసరం లేదు. నలుగురైదుగురు బండ్ల మీద కలిసి వెళ్తే మెష్ బాగుంటుంది. ఒకరు వెనకబడి మళ్లీ దగ్గరికి రాగానే దానంతట అదే కలుస్తుంది. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, ఇంటర్‌కమ్ మాత్రం పనిచేస్తుంది, దానికి ఫోను టవరుతో పని లేదు. అయితే ముందు బండి మలుపు తిరిగి కొండ అడ్డమొస్తే మాట తెగుతుంది. పెట్టె మీద రాసిన దూరం ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటి లెక్క. దారి చెప్పే మ్యాపును మాత్రం ఊరు దాటకముందే ఫోనులోకి దించుకోండి.

హెడ్‌సెట్ పెట్టాలనుకుంటే హెల్మెట్ కొనేటప్పుడే చెవి దగ్గర మెత్త ఎత్తి చూడండి. స్పీకర్ కోసం గుండ్రటి గుంట ఉండాలి. చాలా స్పీకర్లు నలభై మిల్లీమీటర్ల వెడల్పువి. గుంట లేని హెల్మెట్‌లో అవి చెవిని నొక్కుతాయి, దిద్దు ఉంటే దాని వెనక శీలను చర్మంలోకి గుచ్చుతాయి. గుంట లేదని ఇ.పి.ఎస్.ను చాకుతో చెక్కేవాళ్లున్నారు. ఆ పని చేయకండి, తలను కాపాడేది అదే.

హెడ్‌సెట్ యంత్రాన్ని హెల్మెట్‌కు ఎడమవైపు బిగించాలి, కుడిచెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కనుక. క్లిప్పు రకం అయితే మరలు వదులు చేసి పెంకుకూ మెత్తకూ మధ్య దూర్చి బిగిస్తే సరిపోతుంది. అంటించే రకం అయితే పెంకును స్పిరిట్‌తో తుడిచి, ఆరాక అంటించి, ఒక రోజు కదపకుండా వదిలేయండి. వైర్లను బుగ్గ మెత్తల వెనకనుంచి అంచు వెంబడి నడిపించండి, తల ఆనే చోట వద్దు. మెత్త ఊడదీయడానికి వీలుగా కాస్త వదులు ఉంచండి.

అసలు పని స్పీకర్ చోటు కుదర్చడం. తయారీదారు పెట్టిన గుంట ఎవరి చెవికో లెక్కేసింది, మీ చెవికి కాదు. ఒక సెంటీమీటరు తప్పితే చాలు, గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. అప్పుడు మనం శబ్దం పెంచేసి, యంత్రం బాగాలేదంటాం. ఇలా చేయండి: స్పీకర్లను వెల్క్రోతో తాత్కాలికంగా అంటించి, వార్తలైనా, ప్రసంగమైనా తక్కువ శబ్దంతో పెట్టుకోండి. హెల్మెట్ పెట్టుకుని రెండు చేతులతో పట్టి కొంచెం పైకి, కిందికి, ముందుకు, వెనక్కి జరపండి. ఏ వైపుకు జరిపితే మాట స్పష్టమవుతుందో స్పీకర్‌ను కూడా ఆ వైపుకే జరపాలి. రెండు చెవులకూ విడివిడిగా చూడాలి, మనిషికి రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండాలని లేదు. చోటు కుదిరాక నేను అక్కడ ఒక బొట్టుబిళ్ల అంటిస్తాను. స్పీకర్ చెవికి తగలకూడదు, దూరంగానూ ఉండకూడదు. గుంట లోతుగా ఉంటే పెట్టెలో ఇచ్చే స్పాంజి బిళ్లను స్పీకర్ వెనక వేసి ముందుకు తీసుకురండి.

మైకు పెదవి మూల దగ్గర, దాదాపు తగిలేంత దగ్గరగా ఉండాలి. ముఖమంతా కప్పే హెల్మెట్‌కు వైరు మైకు, ముందుభాగం పైకి లేచేదానికి కాడ మైకు. మైకు మీది స్పాంజి తొడుగు పారేస్తే అవతలివాళ్లకు గాలిహోరే వినిపిస్తుంది. శబ్దం మాత్రం వెనక లారీ హారన్ వినపడేంత తక్కువలో ఉంచండి. హైవే మీద గాలిహోరు బాధిస్తే చెవుల్లో మెత్తటి స్పాంజి ప్లగ్గులు పెట్టుకోండి. హోరు తగ్గుతుంది, స్పీకర్‌లోని మాట తేటగానే ఉంటుంది. మావారు ప్రతి మలుపులోనూ "మెల్లగా" అనడం కూడా తేటగానే వినిపిస్తుంది.

మే నెల ఎండలో హెల్మెట్‌ను బండికి తగిలించి వెళ్లకండి, బ్యాటరీ పాడవుతుంది. చెమట వాసన పట్టిన మెత్తలను స్పీకర్లు తీసేశాక షాంపూ నీళ్లతో ఉతికి నీడన ఆరబెట్టాలి. తడి పూర్తిగా పోయాకే తిరిగి బిగించండి. బొట్టుబిళ్ల ఉన్నచోట స్పీకర్ నొక్కితే మళ్లీ మొదటినుంచి వెతుక్కోనక్కర్లేదు.