కంప్యూటేషనల్ నానోటెక్నాలజీ పరిశోధన బృందానికి శాస్త్రీయ సారథ్యం వహించడం ఎలా

నానో పరిమాణంలోని పదార్థాల ప్రవర్తనను కంప్యూటర్ గణనలతో అధ్యయనం చేసే బృందానికి విశ్వవిద్యాలయంలో సారథిగా బాధ్యత స్వీకరించినవారు తమ సొంత సిమ్యులేషన్ల జోలికి వెళ్లేముందు రెండు విషయాలను రాతపూర్వకంగా తేల్చుకోవాలి. బృందం ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతోందన్నది మొదటిది. ఆ జవాబును నమ్మవచ్చని బయటివారికి ఎలా రుజువు చేస్తుందన్నది రెండవది. ప్రయోగశాలలో కొలవగలిగిన ఏదో ఒక రాశితో ప్రశ్నను ముడిపెట్టలేకపోతే, ఆ ప్రశ్న ఇంకా పరిశోధనకు సిద్ధం కాలేదనే అనుకోవాలి.

తరువాతి పని ప్రశ్నకు తగిన పద్ధతిని ఎంచుకోవడం. సారథి పాండిత్యానికి అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతుందని నా అభిప్రాయం. భౌతిక శాస్త్రవేత్తలైన హోహెన్‌బర్గ్, కోన్ 1964లో, 1965లో కోన్, షామ్ వేసిన పునాదిపై నిలిచిన డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతం ఎలక్ట్రాన్ల ప్రవర్తనను మూల సూత్రాల నుంచి లెక్కగడుతుంది గాని, దాని సాధారణ రూపంలో గణన భారం పరమాణువుల సంఖ్యకు ఘనంగా పెరుగుతుంది. అంటే నిర్మాణం రెట్టింపైతే కంప్యూటర్ సమయం దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. కొన్ని వందల పరమాణువుల ఉపరితలానికి చక్కగా సరిపోయిన ఈ పద్ధతి లక్షల పరమాణువులున్న క్వాంటం డాట్ అనే నానో పరిమాణపు అర్ధవాహక కణం దగ్గర చేతులెత్తేస్తుంది కాబట్టి, అక్కడ ఎలక్ట్రాన్లు పరమాణువులను అంటిపెట్టుకుని ఉంటాయని భావించి లెక్కను తేలిక చేసే టైట్ బైండింగ్ వంటి నమూనాలను ఆశ్రయించాలి. పరమాణువుల కదలికను అనుసరించే మాలిక్యులర్ డైనమిక్స్‌లో ఒక్కో అడుగు సుమారు ఒక ఫెమ్టోసెకను కనుక, పది లక్షల అడుగులు వేసినా చేతికందేది ఒక నానోసెకను, అంటే సెకనులో వంద కోట్లవ వంతు మాత్రమే. నిమిషాలపాటు సాగే స్ఫటిక వృద్ధిని దీనితో నేరుగా చూపిస్తామని ఎవరైనా ప్రతిపాదిస్తే, ఎంత ఉత్సాహంగా చెప్పినా సరే, అక్కడే నిలదీయాలి.

ఫలితాలను పరీక్షించే పద్ధతిని వ్యక్తుల ఇష్టానికి వదలకూడదు. సిలికాన్ బ్యాండ్ గ్యాప్ (విద్యుత్తును మోసే స్థితికి ఎలక్ట్రాన్ చేరడానికి కావలసిన కనీస శక్తి) సాధారణ ఉష్ణోగ్రత వద్ద సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు కాగా, డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతంలో విరివిగా వాడే పీబీఈ ఫంక్షనల్ అనే ఉజ్జాయింపు సూత్రం దానిని 0.6 దరిదాపుల్లో చూపుతుంది. ఇది కోడ్‌లో దొర్లిన తప్పు కాదని, ఆ ఉజ్జాయింపుకున్న పరిమితి అని కొత్త విద్యార్థికి మొదటే తెలియాలి. ఇక కోడ్‌ల సంగతికొస్తే, 2016లో అనేక బృందాలు కలిసి 71 మూలకాల స్ఫటికాలపై వేర్వేరు ప్రోగ్రాములను పోల్చి చూసినప్పుడు, ఆధునిక కోడ్‌ల ఫలితాలు చాలావరకు ఒకదానితో ఒకటి సరిపోలాయి. దీన్నిబట్టి, బృందంలో ఇద్దరి జవాబులు కలవకపోతే ముందుగా అనుమానించవలసింది ఇన్‌పుట్ ఫైళ్లను, లెక్కను మరింత సూక్ష్మంగా చేసినా జవాబు మారడం లేదని నిర్ధారించే కన్వర్జెన్స్ పరీక్షలను. ప్రతి వ్యాసంతోపాటు ఆ ఫైళ్లను, కోడ్ వెర్షన్‌ను భద్రపరచడం నియమంగా ఉండాలి.

విద్యార్థి పట్టా తీసుకుని వెళ్లిపోతాడు గాని అతడు రాసిన కోడ్ ఇక్కడే ఉండిపోతుంది. దానికి పరీక్షలు, వివరణ పత్రాలు, స్పష్టమైన లైసెన్సు లేకపోతే మరుసటి ఏడాది వచ్చినవారు మళ్లీ మొదటినుంచి రాయడం మొదలుపెడతారు. 2002లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ సహాయంతో పర్డ్యూ విశ్వవిద్యాలయం కేంద్రంగా ఏర్పడిన కంప్యూటేషనల్ నానోటెక్నాలజీ నెట్‌వర్క్ తన నానోహబ్ వెబ్‌సైట్ ద్వారా సిమ్యులేషన్ సాధనాలను బ్రౌజర్‌లోనే నడిపే వీలు కల్పించింది. అంత పెద్ద ఏర్పాటు అందరికీ సాధ్యం కాకపోయినా, రాసినవారు పక్కన లేకుండా మరొకరు నడపగలిగేలా కోడ్‌ను తీర్చిదిద్దడం చిన్న బృందానికీ సాధ్యమే. ఆ శ్రమ చేసినవారి పేరు వ్యాస రచయితల్లో చేర్చాలి. విశ్వవిద్యాలయాలు ఈ పనిని పదోన్నతుల్లో తక్కువగా లెక్కించే ధోరణి ఉంది కనుక, సిఫారసు లేఖల్లో సారథే దానిని వివరంగా రాయాలి.

ప్రయోగ శాస్త్రవేత్తలతో సమావేశాలను గణనలు పూర్తయ్యాక కాకుండా అవి మొదలయ్యేముందే జరపాలి. నమూనాలో ఆదర్శంగా గీసిన ఉపరితలం వారి చేతిలో ఆక్సైడ్ పొరతో, లోపాలతో ఉండవచ్చు. సూపర్ కంప్యూటర్ గంటల పంపకంలో కొంత భాగాన్ని విఫలమయ్యే గణనల కోసం, పునఃపరీక్షల కోసం విడిగా ఉంచాలి. గ్రాంటు గడువు దగ్గరపడినప్పుడు ఈ వాటాపైనే అందరి కన్నూ పడుతుంది కాబట్టి, దానిని ఎవరి అనుమతితో వాడవచ్చో ఏడాది ఆరంభంలోనే నిర్ణయించి బృందమంతటికీ తెలియజేయాలి.