పిట్టగోడ కదిలినా డాబా కారకూడదంటే

డాబా కారుతోందంటే అందరూ స్లాబ్ మధ్యలో వెతుకుతారు. నేను నేరుగా పిట్టగోడ మొదలు చూస్తాను. హైదరాబాద్‌లో వాటర్‌ప్రూఫింగ్ చేసే మాకు ఎక్కువ పని దొరికేది అక్కడే. స్లాబేమో కాంక్రీటు, గోడేమో ఇటుక. మే ఎండకి రెండూ ఒకేలా సాగవు, కలిసే చోట సన్నగా చీలుతుంది. జూన్‌లో నీళ్లు ఆ చీలికలోంచే దిగుతాయి.

దీనికి భూకంపం కూడా తోడైతే? 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగులో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం మన ఊళ్లోనూ తెలిసింది. భూకంపాల్ని తట్టుకునే కట్టడాల కోసం ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 (2016) పటంలో హైదరాబాద్ జోన్ 2, భద్రాచలం, విజయవాడ అంతకంటే ముప్పు ఎక్కువున్న జోన్ 3. జోన్ 3లో కట్టుకునేవాళ్లు ఇంకాస్త గట్టిగా పట్టించుకోవాలి.

ముందు గోడ సంగతి. నాలుగున్నర అంగుళాల గోడని ఉత్త మాలుతో స్లాబ్ మీద నిలబెడితే, ఊపుకి విరిగి వీధిలోకి పడొచ్చు. స్లాబ్ పోసే రోజే అంచు వెంట ఆరంగుళాల కాంక్రీటు గట్టు కలిపి పోయించండి. దాంతో ఇటుక అతుకు నీళ్లు నిలిచే మట్టం కంటే పైకి పోతుంది. గోడ మధ్య మధ్యలో చిన్న పిల్లర్లు, వాటి చువ్వలు స్లాబ్‌లోంచే రావాలి. గోడ పైన పొడవునా చువ్వలున్న కాంక్రీటు బెడ్. ఈ చువ్వల లెక్క స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గర తీసుకోండి, మేస్త్రీ అంచనా చాలదు.

ఇక కోటింగ్. మూలని మాలుతో గుండ్రంగా తిప్పి, ఆరాక సాగే గుణమున్న కోటింగే వేయాలి, పీయూ (పాలియురెథేన్) గానీ అక్రిలిక్ గానీ. గోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించండి. ఇక్కడ చాలామంది వదిలేసే పని ఒకటుంది: చీలిక వచ్చే గీత మీద, కోటింగ్ కింద, రెండంగుళాల వెడల్పున అంటుకోని టేపు పరవడం. కోటింగ్ రెండు పక్కలా గట్టిగా అంటుకుని ఉంటే, చీలిక ఒక్క మిల్లీమీటరు తెరుచుకున్నా ఆ లాగుడంతా గీత మీదే పడి చిరిగిపోతుంది. టేపు ఉన్నచోట అదే లాగుడు రెండంగుళాల మీద సర్దుకుంటుంది. టేపు మీద రెండు పూతల మధ్య ఫైబర్ మెష్ కూడా పెట్టించండి.

రెండు బ్లాకుల మధ్య వదిలిన ఖాళీని సిమెంటుతో పూడ్చడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది బిల్డింగులు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా వదిలింది! రెండు వైపులా గట్లు కట్టి, మధ్యలో రబ్బరు షీటుని వదులుగా వేలాడేలా వేసి, పైన అల్యూమినియం రేకు కప్పండి. రేకుకి స్క్రూలు ఒక్క వైపే. రెండో వైపు జరగడానికి వీలుండాలి.

పిట్టగోడ పైభాగానికి లోపలికి వాటం, బయటి అంచు కింద నీళ్లు తెగిపడే గాడి. అంతే.

టైల్స్ వేయకముందే పైపులు మూసి రెండు రోజులు నీళ్లు కట్టి చూడండి. టైల్స్ అయ్యాక ఎక్కడ కారుతోందో పట్టుకోవడం మాకూ కష్టమే, మీకు ఖర్చూ ఎక్కువే. ఆ తర్వాత డిష్ యాంటెన్నా అబ్బాయి డ్రిల్లు పట్టుకుని వస్తే, ఆ గట్టు దరిదాపులకి రానివ్వకండి.