గోపాల్‌పూర్ ఒడ్డు నుంచి చంద్రుడి ఎత్తు సెక్స్‌టెంట్‌తో కొలవడం ఎలా?

ఒడిశాలోని గోపాల్‌పూర్ బీచ్‌లో సెక్స్‌టెంట్ (సూర్యచంద్రుల బింబాన్ని అద్దాలతో సముద్రపు గీత దాకా దించి, ఆ కోణాన్ని కొలిచే పరికరం; ఆ కోణంతో మనం ఎక్కడున్నామో లెక్కకట్టొచ్చు) నేర్చుకునేవాళ్ళకి ఒక చిక్కుంది. పొద్దున సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు. మధ్యాహ్నం దాటితే బరంపురం వైపు, నేల మీదికి వెళ్ళిపోతాడు. కింద సముద్రపు గీత (నీళ్ళూ ఆకాశమూ కలిసినట్టు కనిపించే చోటు) లేకపోతే ఎత్తు, అంటే ఆ గీత నుంచి పైకి ఉన్న కోణం, కొలవలేం. అప్పుడు దిక్కు చంద్రుడే.

పంచాంగం చూసి శుక్ల దశమో ఏకాదశో ఎంచుకోండి. సాయంత్రం నాలుగుకి చంద్రుడు తూర్పున ఉంటాడు, వెలుతురూ ఉంటుంది కాబట్టి గీత పదునుగా కనిపిస్తుంది. వెన్నెల్లో కొలవాలని సరదా పుడుతుంది కానీ, నీళ్ళ మీది మెరుపు అసలు గీతకి కింద ఒక దొంగ గీతని చూపించి మోసం చేస్తుంది.

ముందు సెక్స్‌టెంట్‌ని సున్నా దగ్గర పెట్టి సముద్రపు గీతని చూడండి. రెండు ముక్కలుగా కనిపిస్తే డ్రమ్ (కోణాన్ని సన్నగా సరిచేసే చక్రం) తిప్పి ఒకే గీత చేయండి. అప్పటి రీడింగే ఇండెక్స్ ఎర్రర్, అంటే పరికరంలోనే ఉన్న తేడా. సున్నాకి ఇవతల, స్కేలు మీద ఉంటే తీసెయ్యాలి, అవతల ఉంటే కలపాలి.

ఇక అసలు పని. ఈ తిథుల్లో, ఈ వేళకి సూర్యుడు పడమట ఉంటాడు కాబట్టి చంద్రుడి పై అంచే నిండుగా వెలుగుతుంది. కింది అంచు నమ్మదగింది కాదు. చంద్రుడు నిమిషానికి 13, 14 కళలు పైకి వస్తాడు (కోణంలో నిమిషాన్ని కళ అంటున్నాను, గడియారంతో కలిసిపోకుండా). అందుకే వెంటపడొద్దు. రీడింగ్ కాస్త ఎక్కువ పెట్టి, అద్దంలో దించిన చంద్రుడి బింబాన్ని గీతకి కింద ఉంచి ఆగండి. సెక్స్‌టెంట్‌ని మెల్లగా పక్కలకి ఊపుతూ ఉంటే బింబం ఊయలలా కదులుతుంది. ఆ ఊపులో అట్టడుగున ఉన్నప్పుడు పై అంచు గీతని తాకగానే "ఆ!" అనండి, పక్కనున్నవాళ్ళు సెకన్లతో సహా టైమ్ రాసుకోవాలి. నాలుగు సెకన్లు తప్పితే ఒక కళ పోయినట్టే. ఇలా ఐదుసార్లు తీసి, గ్రాఫ్ మీద వరసలో లేనిదాన్ని పారేయండి.

లెక్క ఇలా ఉంటుంది. రీడింగ్ 41° 20′, ఇండెక్స్ ఎర్రర్ 2′ తీసేయాలి, కళ్ళు నీటికి 3 మీటర్ల ఎత్తులో ఉంటే డిప్ (ఎత్తు నుంచి చూడటం వల్ల గీత కిందికి దిగినట్టు కనిపించే కోణం) 3′ తీసేయాలి. మిగిలింది 41° 15′. చంద్రుడు మనకి దగ్గర కాబట్టి పారలాక్స్ (భూమి మధ్య నుంచి కాక ఒడ్డు నుంచి చూడటం వల్ల వచ్చే కోణం తేడా) దాదాపు ఒక డిగ్రీ దాకా వస్తుంది, సూర్యుడితో ఈ గొడవ లేదు. నాటికల్ ఆల్మనాక్‌లో (నావికుల పంచాంగంలో) ఆ గంటకి పారలాక్స్ 57′ అని ఉంటే, ఈ ఎత్తులో పై అంచుకి మొత్తం దిద్దుబాటు సుమారు 26′ కలపాలి. జవాబు 41° 41′. ఆల్మనాక్‌లో టైమ్ మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది, అది మరవొద్దు.

ఆల్మనాక్ పట్టికలో పై అంచుకి చివర్లో 30′ తీసేయమని ఉంటుంది (పైన చెప్పిన 26′ అది తీసేశాక మిగిలిందే). నేను మొదటిసారి అది తీయలేదు. ఎత్తులో ఒక కళ తప్పితే చోటు ఒక నాటికల్ మైలు తప్పుతుంది కాబట్టి, ఇసుకలో నిలబడ్డ నన్ను లెక్క 30 నాటికల్ మైళ్ళ అవతల, సముద్రంలో చూపించింది.