కోపే కార్డు లెక్క కుదరనప్పుడు: సమస్య - పరిష్కారం

అమెరికాలో కీళ్లవాతానికో, సోరియాసిస్‌కో ఖరీదైన ఇంజెక్షన్ వాడేవారికి, దాన్ని తయారుచేసే కంపెనీయే చాలాసార్లు కోపే కార్డు ఇస్తుంది. బీమా వాటా పోగా రోగి కట్టవలసిన సొమ్మును ఏడాదికి ఒక పరిమితి వరకు ఆ కార్డు భరిస్తుంది. కార్డులో ఎంత మిగిలిందో కంపెనీకి, డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యే ముందు ఏటా రోగి వాటాగా తీరవలసిన సొమ్ము) ఎంత తీరిందో బీమాకు, ఏ రోజు ఏది బిల్లయిందో ఫార్మసీకి తెలుసు గాని, మూడింటినీ కలిపి చూసేది ఇంట్లోవాళ్లే. అందుకని మందు తెచ్చిన ప్రతిసారీ తేదీ, పూర్తి ధర, బీమా ఇచ్చినది, కార్డు ఇచ్చినది, చేతి నుంచి కట్టినది, ఆ తర్వాత డిడక్టిబుల్ కింద జమయినది ఒకే వరుసలో రాసుకోవాలి.

సమస్య: మూడు నెలలు ఏమీ కట్టలేదు, నాలుగో నెల పూర్తి ధర అడుగుతున్నారు.

మా ఇంట్లో ఇది ఏప్రిల్‌లో జరిగింది. మందు సంచికి పిన్ను కొట్టి ఇచ్చిన రసీదులో కార్డు చెల్లింపు సున్నా అని కనిపించేదాకా మాకు అనుమానమే రాలేదు.

కారణం సాధారణంగా కోపే అక్యుమ్యులేటర్. ఈ పద్ధతి ఉన్న ప్లాన్‌లో కార్డు కట్టిన సొమ్ము డిడక్టిబుల్‌లో జమ కాదు. ఉదాహరణకు మందు నెలకు 2,000 డాలర్లు, డిడక్టిబుల్ 4,000, కార్డు వార్షిక పరిమితి 6,000 అనుకుందాం. కార్డు సొమ్ము జమయ్యే ప్లాన్‌లో ఫిబ్రవరికే డిడక్టిబుల్ తీరిపోతుంది, కార్డులో ఇంకా 2,000 ఉంటుంది. అక్యుమ్యులేటర్ ఉంటే మార్చికి కార్డు ఖాళీ అవుతుంది, డిడక్టిబుల్ మాత్రం ఇంకా 4,000 తీరవలసినట్టే నిలిచి, ఏప్రిల్, మే నెలల భారం పూర్తిగా రోగి మీద పడుతుంది.

పరిష్కారం జనవరి మందు తెచ్చిన వారంలోనే మొదలుకావాలి. కార్డు 2,000 కట్టాక బీమా వెబ్‌సైటులో డిడక్టిబుల్ కదలకపోతే, ప్లాన్‌లో అక్యుమ్యులేటర్ ఉందా, ప్లాన్ సెల్ఫ్ ఫండెడ్‌దా అని హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగాలి. 2019లో వర్జీనియా, 2023లో టెక్సస్ సహా 20కి పైగా రాష్ట్రాలు ఈ పద్ధతిని కట్టడి చేస్తూ చట్టాలు చేశాయి గాని, ఉద్యోగమిచ్చిన సంస్థే సొంత నిధులతో నడిపే సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్‌లకు రాష్ట్ర చట్టం వర్తించదు. మనవాళ్లు పనిచేసే పెద్ద సంస్థల్లో చాలావాటివి అలాంటి ప్లాన్‌లే కాబట్టి, రాష్ట్ర చట్టం ఉందని నిశ్చింతగా ఉండటం పొరపాటు. అక్యుమ్యులేటర్ ఉందని జవాబు వస్తే కార్డు కార్యక్రమానికి ఫోన్ చేసి, రోగికి నేరుగా రీఫండ్ ఇచ్చే ఏర్పాటు ఉందేమో కనుక్కోవాలి. ఏటా ప్లాన్ ఎంచుకొనే సమయమైన ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో ప్లాన్ మార్చుకొనే వీలుంటే, ప్రీమియం కంటే ముందు ఈ సంగతే చూడాలని నా అభిప్రాయం.

సమస్య: తీసుకోని మందుకు కూడా కార్డులో సొమ్ము తగ్గింది.

సిద్ధం చేసిన మందును కొన్నాళ్ల వరకు ఎవరూ తీసుకెళ్లకపోతే ఫార్మసీ దాన్ని వెనక్కి పెట్టి, బీమా క్లెయిమును రద్దు చేస్తుంది. కార్డు క్లెయిమును కూడా విడిగా రద్దు చేయాలి, అది ఒక్కోసారి మిగిలిపోతుంది. తేదీ చెప్పి రెండూ రివర్స్ అయ్యాయో లేదో అడిగితే సరిచేస్తారు.

సమస్య: కౌంటర్లో కార్డు తిరస్కరించారు.

ముందు బీమా అనుమతి రాకపోతే కార్డు పనిచేయకపోవచ్చు, కాబట్టి ప్రయర్ ఆథరైజేషన్ గడువు చూసుకోవాలి. అది సరిగ్గా ఉంటే, కార్డు మీది బిన్, పీసీఎన్, గ్రూపు, ఐడీ నంబర్లతో దాన్ని సెకండరీగా, అంటే బీమా తర్వాత రెండో చెల్లింపుదారుగా, బిల్ చేయమనాలి. అప్పటికీ కుదరకపోతే సొమ్ము కట్టి, మందును గుర్తించే ఎన్‌డీసీ నంబరు, ప్రిస్క్రిప్షన్ నంబరు ఉన్న రసీదుతో కంపెనీకి రీఫండ్ దరఖాస్తు పంపవచ్చు. ఇందుకు గడువుంటుంది, కౌంటర్ దగ్గరే రసీదు ఫొటో తీసుకోవడం మేలు.

సమస్య: మెడికేర్‌లో ఉన్న అమ్మానాన్నలకు కార్డు చెల్లలేదు.

ఇది పొరపాటు కాదు. మెడికేర్ వంటి ప్రభుత్వ బీమాతో తయారీదారు కోపే కార్డు వాడటాన్ని ఫెడరల్ యాంటీ కిక్‌బ్యాక్ చట్టం అడ్డుకుంటుంది. వారికి తక్కువ ఆదాయం ఉంటే మందుల ఖర్చు తగ్గించే ఎక్స్‌ట్రా హెల్ప్ పథకం, స్వచ్ఛంద ఫౌండేషన్ల సాయం ఉన్నాయి. మెడికేర్‌లో మందుల బీమా అయిన పార్ట్ డీ కింద మందులకు సొంతంగా కట్టవలసిన వార్షిక పరిమితి 2025లో 2,000 డాలర్లు, 2026లో 2,100. ఆ సొమ్మును నెలవారీగా కట్టే వీలును ప్లాన్ వారిని అడిగి పెట్టించుకోవచ్చు.

సమస్య: ఎఫ్‌ఎస్‌ఏ క్లెయిమ్ వెనక్కి వచ్చింది.

ఎఫ్‌ఎస్‌ఏ అంటే వైద్య ఖర్చులకు జీతం నుంచి పన్ను లేకుండా పక్కన పెట్టే ఖాతా. ఈవోబీలో, అంటే బీమా పంపే చెల్లింపు వివరాల పత్రంలో, రోగి వాటా 400 అని ఉన్నా, అందులో 395 కార్డే కట్టి ఉంటే, క్లెయిమ్ చేయదగినది 5 డాలర్లే. ఈవోబీతో పాటు ఫార్మసీ రసీదు కూడా జతచేసి, ఆ 5 డాలర్లకే దరఖాస్తు పెట్టాలి.