ఎడిన్‌బరోలో పాత ఫ్లాట్ కొన్నారా? కిటికీ మార్చే ముందు ఇది చదవండి

న్యూ టౌన్‌లో ఫ్లాట్ కొన్న మా ఫ్రెండ్ దగ్గర కిటికీలు బిగించే కంపెనీ మనిషి "పర్మిషన్ సంగతి మేం చూసుకుంటాం" అని అడ్వాన్స్ పట్టుకెళ్లాడు. చూసుకున్నదేమీ లేదు. లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక విలువ ఉందని అధికారిక లిస్టులో చేర్చిన భవనం) స్వరూపం మారే పని కన్సెంట్, అంటే కౌన్సిల్ అనుమతి, లేకుండా చేస్తే స్కాట్లండ్‌లో అది క్రిమినల్ నేరం, చేసినవాడితో పాటు చేయించినవాడికీ తగులుతుంది.

మీ బిల్డింగ్ లిస్టులో ఉందో లేదో, ఆ లిస్టు చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి చూడండి. ఆర్కిటెక్ట్ జేమ్స్ క్రెయిగ్ 1767 నాటి ప్లాన్‌తో లేచిన న్యూ టౌన్ వీధుల్లో, ఓల్డ్ టౌన్‌లో 1720ల నాటి జేమ్స్ కోర్ట్ లాంటి చోట్ల లిస్టులో ఉన్నదనే అనుకుని మొదలుపెట్టడం మంచిది. లిస్టులో బిల్డింగ్ ప్రాముఖ్యాన్ని బట్టి ఇచ్చే కేటగిరీ ఏ, బీ, సీ ఏదైనా కన్సెంట్ తప్పదు. రక్షణ ముందు గోడకే అనుకోకండి, లోపలి తలుపులకూ సీలింగ్ నగిషీలకూ వర్తిస్తుంది. ఉన్నదాన్ని ఉన్నట్టే బాగుచేసుకోవడానికి మామూలుగా కన్సెంట్ అడగరు.

దరఖాస్తు ఈప్లానింగ్ స్కాట్లండ్ పోర్టల్‌లో. ఫారం, డ్రాయింగులు, ఫోటోలు, అవన్నీ ఎలాగో అయిపోతాయి. మనవాళ్లు ఇరుక్కునేది ఓనర్‌షిప్ సర్టిఫికెట్ దగ్గర.

"ఫ్లాట్ నాదే కదా" అని సర్టిఫికెట్ ఏ (ఓనర్ నేనొక్కడినే అని చెప్పేది) దగ్గర టిక్ పెట్టేస్తారు. కానీ కప్పు, మెట్లు, బయటి గోడ అందరి ఉమ్మడి ఆస్తి అని టైటిల్ డీడ్స్‌లో (ఆస్తి హక్కు పత్రాల్లో) రాసి ఉండొచ్చు, పని వాటిని తాకితే మీరు ఒక్కరే ఓనర్ కాదు, అప్పుడు కావలసింది సర్టిఫికెట్ బీ. దరఖాస్తు తేదీకి 21 రోజుల ముందు ఎవరెవరు ఓనర్లో వాళ్లందరికీ నోటీసు ఇచ్చానని అందులో చెప్పాలి. ఎదురు తలుపు కొట్టి కాగితం చేతిలో పెడితే సరిపోదు, అక్కడ ఉండేది అద్దెకున్న స్టూడెంట్ కావచ్చు, నోటీసు వెళ్లాల్సింది ఓనర్‌కి. ఓనర్ల పేర్లు ఆస్తుల రిజిస్ట్రేషన్ చూసే రిజిస్టర్స్ ఆఫ్ స్కాట్లండ్‌లో దొరుకుతాయి. తెలిసి తప్పు సర్టిఫికెట్ ఇస్తే అదొక నేరం.

ఇక్కడ ఒక టెన్షన్ తీసేస్తాను: నోటీసు అంటే తెలియజేయడమే, కౌన్సిల్ దరఖాస్తుకి పొరుగువాళ్ల సంతకాలు అక్కర్లేదు. ఉమ్మడి గోడ మీద పనికి వాళ్ల ఒప్పుకోలు వేరే విషయం, అది మీ సాలిసిటర్‌ని అడగండి.

నిర్ణయం చెప్పడానికి కౌన్సిల్‌కి గడువు రెండు నెలలు, కేటగిరీ ఏ అయితే హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లండ్ అభిప్రాయం కూడా అడుగుతారు. కన్సెంట్ కాగితం చేతికొచ్చాకే కిటికీలు ఆర్డర్ చేయండి, కొలతలు తీసుకెళ్లినవాడు రోజూ ఫోన్ చేసినా సరే.